గురుభక్తుల కొండ కింద

మొన్న మంగళవారం పొద్దున్న పండక్కి గోడలకి సున్నం కొట్టిస్తూ ఉంటే అమెరికా నుంచి మేనల్లుడి ఫోనొచ్చింది. "మావయ్యా, మా జట్టు కోచ్‌ని పీకేసారు" అన్నాడు సంతోషంగా. వాడు వారం వారం టీవీ ముందు కూర్చుని చూసే అమెరికన్ ఫుట్‌బాల్ సంగతది. పేరుకి ఫుట్‌బాలే గాని బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. అక్కడ లీగు ఆటలు ముగిసిన మర్నాడు, సోమవారం, ఓడిన జట్లు వరసపెట్టి కోచ్‌లని ఇంటికి పంపిస్తాయి. దానికి 'బ్లాక్ మండే' అని పేరే పెట్టుకున్నారు.

"రెండేళ్ళిచ్చారు మావయ్యా, ఇంకేటి కావాలి?"

ఆ మాటకి నాకు కోపమొచ్చింది. టెంక నాటిన మామిడి రెండేళ్ళకి కాస్తుందా? ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి రాసినప్పుడూ, సంగిడి రాళ్ళెత్తే కుర్రాళ్ళ గురించి రాసినప్పుడూ నేను పాడిన పాట ఒకటే. నేర్పేవాడికి వ్యవధి ఇవ్వాలి. వాడి ఆటలోంచే ఉదాహరణ తీసి చెప్పాను. 1979లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుని చేపట్టిన బిల్ వాల్ష్ మొదటి ఏడాది 16 ఆటల్లో 2 గెలిచాడు, రెండో ఏడాది 6. మూడో ఏడాది ఆ లీగు ఫైనలైన సూపర్ బౌల్ గెలిచాడు. రెండేళ్ళకే పంపించేసి ఉంటే ఏమయ్యేది? వాడు నవ్వి ఫోను పెట్టేశాడు. నాకు మాత్రం రోజంతా రహీం సాబే గుర్తొచ్చారు.

భారత ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా చేసిన సయ్యద్ అబ్దుల్ రహీంని నాకు పరిచయం చేసింది మా డ్రిల్లు మాస్టారు. మా ఊరి బోడికొండ ఇవతల ఖాళీ జాగాలో ఆడేవాళ్ళం. ఉన్నది ఒక్క బంతి, దానికీ గాలి నిలిచేది కాదు. మాస్టారు వారానికో రోజు "ఇవాళ ఎడంకాలే" అనేవారు. కుడికాలితో తన్నినవాడు వెళ్ళి గట్టు మీద కూర్చోవాలి. ఇదెక్కడి శిక్షండీ అని ఏడుపు మొహం పెడితే, హైదరాబాద్‌లో రహీం సాబ్ వాటం లేని కాలితోనే ఆడాలని ఏకంగా పోటీలే పెట్టేవారని చెప్పారు. రహీం గారు మొదట బడిపంతులు. ఆ మాట మాస్టారి నోట మరీ గర్వంగా వచ్చేది.

గట్టు మీద గులకరాళ్ళు పేర్చి ఆయన కథ చెప్పేవారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్. చలిలో మనవాళ్ళు చాలామంది ఉత్తికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ ఓటమికి కోచ్‌ని సాగనంపి ఉంటే ఎవరూ తప్పనేవారు కాదు. సాగనంపలేదు. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్‌లో ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్‌కెళ్ళి నాలుగో స్థానంలో నిలిచాం. ఇక 1962 జకార్తా ఏషియాడ్. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. వెనక ఆడే జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ దెబ్బతో కూర్చోబెట్టేయక రహీం అతన్ని ముందుకు తోసి గోల్ కొట్టే చోట నిలబెట్టారు. మాస్టారు ఇక్కడ వెనక వరసలోని రాయి తీసి ముందు పెట్టి మా మొహాల్లోకి చూసేవారు. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1, మనకి బంగారం. అప్పటికే రహీం గారిని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న పోయారు. అది చెప్పాక మాస్టారు రాళ్ళన్నీ చేత్తో చెరిపేసి లేచిపోయేవారు.

1950 నుంచి 54 వరకు వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునీ ఆయనే తయారుచేశారు. పదమూడేళ్ళు ఒకే మనిషి చేతిలో ఉన్న పని. నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనుకున్నాను.

సాయంత్రం గురుభక్తుల కొండ వైపు నడిచాను. పైన బౌద్ధ భిక్షువులు కట్టుకున్న ఆరామం ఇటుకలు ఇంకా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి పలుకుతున్న పేరే, ఆ రోజు కొత్తగా వినిపించింది. కొండకి మిగిలింది గురువు పేరు కాదు, భక్తుల పేరు. ఆ భక్తులూ ఇప్పుడు లేరు, ఇటుకలున్నాయి.

అమెరికాలో కోచ్‌లకి వంశవృక్షాలు గీస్తారు. వాల్ష్ కింద పనిచేసిన సీఫర్ట్, హోమ్‌గ్రెన్ తర్వాత పెద్ద కోచ్‌లయ్యారు. హోమ్‌గ్రెన్ దగ్గర పనిచేసిన ఆండీ రీడ్ కూడా అంతే. ముగ్గురూ సూపర్ బౌళ్ళు గెలిచారు. రహీం గారి చెట్టూ ఎండిపోలేదు. జకార్తాలో గోల్ కొట్టిన పి.కె. 1970 బ్యాంకాక్ ఏషియాడ్ నాటికి కోచ్‌లలో ఒకరు. హైదరాబాదీ నయీముద్దీన్ కెప్టెన్. కాంస్యం వచ్చింది. అదే ఆఖరు, ఏషియాడ్ ఫుట్‌బాల్లో మనకి మళ్ళీ పతకం లేదు. పి.కె. కోచ్‌గా వెలిగింది కలకత్తాలో. నయీం ఆడడానికీ తర్వాత నేర్పడానికీ అక్కడికే వెళ్ళారు. కొమ్మలు అక్కడ కాశాయి, వేళ్ళున్న చోట నీడ లేకపోయింది. 2022లో హైదరాబాద్ పేరుతో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన జట్టుకి కోచ్ స్పెయిన్ ఆయన. అంటే రహీం గారికి మరో పదేళ్ళు ఆయుష్షిచ్చినా ఆ పదేళ్ళే గెలిచేవాళ్ళమేమో. ఇన్నేళ్ళూ మనిషికి వ్యవధి ఇమ్మని అడిగాను గాని, ఆయన లేనప్పుడు ఆ చోట ఎవరు నిలబడతారని అడగలేదు. అది నా తప్పే.

గురువారం కొండవెలగాడ వెళ్ళాను. మా నెల్లిమర్ల మండలమే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్ లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో రజతం తెచ్చిన మత్స సంతోషి ఊరు. పదీపన్నెండేళ్ళ పిల్ల ఖాళీ రాడ్డు ఎత్తుతోంది, బరువులింకా వెయ్యలేదు. పక్కన నిలబడ్డ అమ్మాయికి పదహారు దాటి ఉండవు, తన వంతు కోసం చేతులకి సుద్ద రాసుకుంటోంది. "మోచెయ్యి ఒంచకే. మళ్ళీ ఎత్తు" అంది. పిల్ల మళ్ళీ ఎత్తింది. కోచ్ గారు దూరంగా ఇంకెవరితోనో ఉన్నారు, ఇటు చూడనే లేదు.

ఇంటికొచ్చి మేనల్లుడికి ఫోను చేశాను.

"ఒరే, ఆ తీసేసిన కోచ్ కింద చిన్న కోచ్‌లుంటారు కదా, వాళ్ళనుంచారా, పంపించేశారా?"

"అది చూడలేదు మావయ్యా. కనుక్కుని చెప్తాను" అన్నాడు.