కొట్టివేత నుంచి చిత్రానికి: డిజిటల్ యుగంలో పిచ్చిగీతల కళాస్థాయి – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

పాఠం వింటున్నప్పుడో, ఫోనులో మాట్లాడుతున్నప్పుడో చెయ్యి తనంతట తాను కాగితం అంచున గీసే గీతలను తెలుగులో ‘పిచ్చిగీతలు’ అంటారు. ఆ సమాసంలోనే ఒక తీర్పు ఉంది. ఇంగ్లీషులో ‘డూడుల్’ అనే మాటకు తొలి అర్థం మూర్ఖుడు. పరధ్యానంగా గీసే గీత అనే అర్థం 1930లలో వ్యాప్తిలోకి వచ్చింది. రెండు భాషలూ ఈ గీతను బుద్ధికి వెలుపలనే నిలిపాయి. నేడు అదే గీత గ్యాలరీ గోడల మీద, టాబ్లెట్ తెరల మీద కళగా చలామణీ అవుతున్నది. అయితే కాగితం నుంచి తెరకు మారినప్పుడు దాని స్వభావం నిలిచిందా అన్నది విమర్శ ఎదుర్కోవలసిన ప్రశ్న. రవీంద్రనాథ్ ఠాగూరు వ్రాతప్రతుల ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కొట్టివేత రేఖగా మారిన తీరు:

1924లో పెరూకు బయలుదేరిన ఠాగూరు దారిలో అస్వస్థులై అర్జెంటీనాలో ఆగిపోయారు. బ్యూనస్ ఏరీస్ సమీపంలోని శాన్ ఇసిద్రోలో రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆయనకు ఆతిథ్యమిచ్చారు. ‘పూరబి’ కవితల వ్రాతపుస్తకంలో కొట్టివేసిన పదాలు ఒకదానితో ఒకటి కలిసి పక్షులుగా, వింత జంతువులుగా, ముఖాలుగా రూపొందడం ఆమెను ఆకర్షించింది. 1930 మే నెలలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ఆయన చిత్రాల తొలి ప్రదర్శన జరగడంలోనూ ఆమె పాత్ర ఉంది.

ఈ క్రమాన్ని బట్టి పిచ్చిగీతలను తరువాతి చిత్రాలకు పసిదశగా మాత్రమే చూడడం పరిపాటి. ఆ దృష్టి అసంపూర్ణం. చిత్రంలో రేఖ ఎటు సాగాలో చిత్రకారుడు నిర్ణయిస్తాడు. వ్రాతప్రతిలో మాత్రం తిరస్కృతమైన పదం ఎక్కడ ఉందో అక్కడి నుంచే రేఖ మొదలవ్వాలి. సిరా చెరగదు, తప్పిన మాట పుటను వదిలిపోదు. పోని దానికి ఒక రూపమిచ్చి పుటలో చోటు కల్పించడమే ఇక్కడి సృజన. కవితలో ఇమడని పదం అదే పుటలో బొమ్మగా ఇమిడింది. కాబట్టి ఈ గీత నిరర్థకం కాదు. నిర్ణయం జరిగిన చోటును చూపే సాక్ష్యం.

3. పరధ్యానం, ప్రదర్శన:

2009లో జాకీ ఆండ్రేడ్ ప్రచురించిన ప్రయోగంలో, విసుగు పుట్టించే ఫోను సందేశాన్ని వింటూ ఆకృతులను నింపినవారు ఇతరుల కంటే 29 శాతం ఎక్కువ సమాచారాన్ని గుర్తుంచుకున్నారు. పిచ్చిగీతకు గౌరవం తేవడానికి ఈ ఫలితాన్ని తరచుగా ఉదాహరిస్తారు. కాని అందులో పాల్గొన్నవారు ముందే అచ్చువేసిన ఆకృతులను నింపారే తప్ప స్వేచ్ఛగా గీయలేదు. జ్ఞాపకశక్తికి ఉపయోగపడడం వేరు, కళ కావడం వేరు.

‘మిస్టర్ డూడుల్’గా ప్రసిద్ధుడైన బ్రిటిష్ కళాకారుడు సామ్ కాక్స్ 2022లో ఇంగ్లాండులోని కెంట్ ప్రాంతంలో తన ఇంటిని లోపలా బయటా గీతలతో నింపి ప్రపంచానికి చూపారు. ఆ నైపుణ్యం కాదనలేనిది. అయినా అది చూపరిని ఉద్దేశించిన గీత. ఠాగూరు పుటలోని గీతకు మొదట చూపరి లేడు. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల ఈ భేదం మరుగున పడుతున్నది.

4. తెర మీది పుట:

తెర మీద రాసేవారు వద్దనుకున్న పదాన్ని ఒక మీట నొక్కి తొలగిస్తారు. మరక మిగలదు, మరక లేనిచోట దానితో రాజీపడే రేఖా పుట్టదు. డిజిటల్ పిచ్చిగీత ఖాళీ తెర మీద ఇష్టపూర్వకంగా మొదలవుతుంది. నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు. అది కళ కావచ్చు, కాని ‘పూరబి’ పుటలకు వారసత్వం కాదు.

అయితే ఆ పుటలను అందరికీ చేరువ చేసినదీ డిజిటల్ సాధనమే. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం 2013లో ‘బిచిత్ర’ పేరుతో ఠాగూరు వ్రాతప్రతుల ఛాయలను, పాఠభేదాలను పోల్చే సాధనాన్ని అంతర్జాలంలో ఉంచింది. పాఠాలను పోల్చే యంత్రం పదాలను పట్టుకుంటుంది, పక్షిని పట్టుకోదు. పక్షిని చూడాలంటే పుట ఛాయ కావాలి.

తెలుగు పరిశోధనకు ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. తాళపత్రం మీద గంటంతో గీసిన అక్షరమూ సులువుగా చెరగనిదే. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పరిష్కర్తలు అటువంటి ప్రతులతో శ్రమించిన సంప్రదాయం తెలుగుకు ఉంది. ఆధునిక రచయితల చిత్తుప్రతులను యూనికోడ్‌లోకి ఎక్కించి, ఛాయాప్రతి తీయకుండా కాగితాన్ని వదిలేస్తే అక్షరం మిగులుతుంది, అంచు పోతుంది.

5. ముగింపు:

పిచ్చిగీత విలువ దాని అందంలో మాత్రమే లేదు. ఆలోచన తడబడి, ఆగి, దారి మార్చుకున్న చోటును అది పదిలపరుస్తుంది. డిజిటల్ యుగం అటువంటి గీత పుట్టే అవకాశాన్ని తగ్గించింది, పుట్టినదానిని కాపాడే శక్తిని పెంచింది. ఆ శక్తిని వినియోగించాలంటే చిత్తుప్రతిలోని కొట్టివేతను పాఠానికి అడ్డుగా గాక, పాఠంలో భాగంగా చదవడం పరిశోధకులు అలవరచుకోవాలి.