వెరెసాయి పాటలో కాగితానికి ఎక్కింది ఎంత?

ఓస్తాప్ వెరెసాయి గొంతు ఎలా ఉండేదో ఇవాళ ఎవరూ వినలేరు. 1890లో ఆయన చనిపోయే నాటికి ఆయన పాట ఏ యంత్రానికీ ఎక్కలేదు. మిగిలినవి స్వరలిపి, పాటల మాటలు, ఆయన్ని చూసినవాళ్ల జ్ఞాపకాలు. అయినా ఉక్రెయిన్ సంచార గాయకుల మాట వస్తే ముందు తలుచుకునేది ఆయన్నే. ఈ కీర్తిలో ఆయన పాట వాటా ఎంత, దాన్ని రాసుకున్నవాళ్ల వాటా ఎంత అన్నది మేము అడగదలచిన ప్రశ్న.

వెరెసాయి 1803లో పొల్తావా ప్రాంతంలో, జమీందారు కింద వెట్టి రైతుల ఇంట పుట్టాడు. నాలుగేళ్ల వయసులో చూపు పోయింది. తండ్రీ అంధుడే, ఫిడేలు వాయించేవాడు. కొడుకు కోబ్జా అనే తంత్రీవాద్యం పట్టుకుని, గురువుల దగ్గర నేర్చుకుని, దారి చూపే పిల్లవాడి వెంట ఊరూరా, సంతసంతా తిరిగాడు. ఇలాంటి గాయకులను కోబ్జార్లు అంటారు. వీళ్లను భిక్షగాళ్లు అని రాసేవాళ్లతో మేము ఏకీభవించం. వాళ్లకు సంఘాలున్నాయి. ఏళ్ల తరబడి శిష్యరికం చేయాలి, గురువు అనుమతిస్తేనే ఒంటరిగా పాడాలి. బయటివాళ్లకు అర్థం కాని రహస్య భాష కూడా ఉండేది. కిక్రీ వాయించే ఆదిలాబాద్ ప్రధాన్లను ఎరిగినవారికి, ఇల్లిల్లూ తిరిగే పాట వెనుక ఎంత కట్టుబాటు ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు.

1873లో కీవ్‌లో భౌగోళిక సంఘం సభలో వెరెసాయి పాడాడు. స్వరకర్త మికోలా లిసెంకో ఆ పాటల మీద వ్యాసం చదివాడు. లిసెంకోలో మాకు నచ్చేది ఆయన చెవి. వెరెసాయి ఒక స్వరాన్ని అందరూ పలికే చోట కాక కాస్త పైకి ఎత్తి పలికేవాడు. మన సంగీతం మాస్టార్ల భాషలో చెప్పాలంటే సాధారణ గాంధారం పక్కన ప్రతి మధ్యమం. ఆ మెట్లు వరసగా పేర్చి చూస్తే మనకు హేమవతి గుర్తొస్తుంది. పోలిక మెట్ల వరకే, పాడే తీరు వేరు. చదువుకున్న సంగీతకారుడు దాన్ని గుడ్డివాడి అపస్వరం అనుకుని దిద్దేయవచ్చు. లిసెంకో దిద్దలేదు. అది ఆ పాటల పద్ధతి అని గుర్తించి, ఉన్నది ఉన్నట్టు రాశాడు.

కానీ లిపికి లొంగనిది ఒకటుంది. కోబ్జార్లు పాడే దీర్ఘ గాథలను దూమా అంటారు. తురకల చెరలో మగ్గినవాళ్ల గోడు, అజోవ్ నుంచి పారిపోయిన ముగ్గురు అన్నదమ్ముల కథ వంటివి అవి. వాటిలో చరణం కొలత ఉండదు. పంక్తి ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి. సగం మాటగా, సగం రాగంగా సాగుతుంది. తర్వాత 1908లో ఫిలారెత్ కొలెస్సా ఫోనోగ్రాఫ్‌తో ఇతర కోబ్జార్లను రికార్డు చేసి, ఒకే గాయకుడు ఒకే దూమాను ఏ రెండుసార్లూ ఒకేలా పాడడని చూపించాడు. అంటే లిసెంకో రాసింది వెరెసాయి పాట కాదు, ఆ పూట పాడిన పాట. పుస్తకంలో అచ్చయ్యాక ఆ ఒక్క పూటే 'అసలు' అయి కూర్చుంటుంది. బడి పిల్లల చేత ఫోనుల్లో అవ్వల పాటలు రికార్డు చేయిస్తున్న మన ఉపాధ్యాయులు ఇక్కడ కాస్త ఆగాలి. ఒక్కసారి రికార్డు చేసి పని అయిందనుకోకండి. పంటల వేళ, పెళ్లి వేళ మళ్లీ అడగండి.

వెరెసాయి 1875లో పీటర్స్‌బర్గ్‌లో కూడా పాడాడు. మరుసటి ఏడే జార్ ప్రభుత్వం ఉక్రేనియన్ భాషలో పుస్తకాలు, నాటకాలు, స్వరాలతో పాటల అచ్చు నిషేధించింది. రాజధాని చప్పట్లు కొట్టిన పాటను అచ్చు వేయకూడదంది! ఇరవయ్యో శతాబ్దంలో బందూరా అనే సోదర వాద్యం యాభైకి పైగా తీగలతో కచేరీ వేదికల మీదికి పోయింది. వినడానికి సొంపుగానే ఉంటుంది. కానీ అక్కడ గాయకుడు ఎవరి గుమ్మం ముందూ నిలబడడు.

ఆ గుమ్మాన్ని మళ్లీ వెతికినవాడు మికోలా బుద్నిక్. కీవ్‌లో కోబ్జార్ల సంఘాన్ని తిరిగి నిలిపి, పాత వాద్యాలను తన చేతుల్తో చెక్కాడు. శిష్యులు తమ వాద్యాన్ని తామే తయారు చేసుకోవాలన్నది అక్కడి పద్ధతి. ముందు చెక్క, తర్వాత తీగ, ఆ తర్వాతే పాట.