భానుమతి: అతుకు లేని గొంతు

2025 సెప్టెంబర్ 7కి పి. భానుమతి పుట్టి నూరేళ్లు. ఆ సందర్భంగా నేను చదివిన వ్యాసాల్లో రెండు మాటలు తప్పకుండా కనిపించాయి. ఒకటి బహుముఖ ప్రజ్ఞ. రెండోది ఆత్మాభిమానం (పొగరు అనడానికి మొహమాటపడ్డప్పుడు వాడే మాట ఇది). నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, సంగీత దర్శకురాలు, రచయిత్రి అని వరసగా చెప్పి, 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ అని ముగిస్తారు. అన్నీ నిజాలే. కానీ ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు ఎక్కడో తేడా కొడుతుంది. ఆమె విషయంలో నటి అని ఒక గడి, గాయని అని ఇంకో గడి గీయడమే తప్పేమో అనిపిస్తుంది.

ఈ అనుమానం నాకు అంటించింది మా బాపు. నిర్మల్‌లో మా ఇంట్లో టీవీలో 'మల్లీశ్వరి' వచ్చినప్పుడల్లా ఒకటే మాట అంటుండేవాడు: "ఎప్పుడు మాటలు బంద్ జేసింది, ఎప్పుడు పాట షురూ జేసింది, సమజే గాదురా." చిన్నప్పుడు అది ఉత్త మెచ్చుకోలు అనుకున్నాను. ఈ మధ్యే, రాత్రి పని అయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, స్క్రీన్ ఆపేసి, పాత సినిమాలు చూడకుండా వినడం మొదలుపెట్టాక ఆయన ఎంత కచ్చితంగా చెప్పాడో తెలిసింది.

మీరూ చేసి చూడండి. బొమ్మ లేకుండా వింటే 1950ల సినిమాల్లో చాలావాటిలో, మాట ఆగి పాట మొదలయ్యే చోట ఒక మనిషి బయటికి వెళ్లి ఇంకో మనిషి లోపలికి వస్తుంది. బొమ్మ ఉన్నప్పుడు అది మనకు పట్టదు. మా ఊరి కొయ్యబొమ్మల్ని చేసే తీరు గుర్తొస్తుంది నాకు. పొనికి కర్రతో కాళ్లు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపి అతికి, పైన రంగు వేస్తారు. అతుకు ఎక్కడుందో కొన్నవాడికి తెలియదు. తెలియకపోవడమే పనితనం. నేపథ్యగానం కూడా అంతే. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. ఘంటసాల, పి. లీల, సుశీల లేని తెలుగు సినిమాను ఊహించుకోలేను కూడా.

'మల్లీశ్వరి' (1951) వింటే మాత్రం మల్లి దగ్గర ఆ మనిషి మార్పిడి జరగదు. బావతో గిల్లికజ్జాలాడే గొంతే పాటలోకి వెళ్తుంది. పదం చివర కొంచెం బరువు పెట్టి వదిలే అలవాటు మాటలోనూ ఉంది, పాటలోనూ ఉంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు రాయడం దీనితోనే మొదలు. ఆయన మాటలు ఎవరి నోటైనా మెత్తగా జారిపోయే రకం. భానుమతి వాటిని అంత తేలిగ్గా జారనివ్వదు. ఒక్కో మాట మీద కాసేపు నిలబడుతుంది. రాణివాసంలో మల్లి, బయట నాగరాజు, మబ్బుతో కబురు పంపుకునే పాటలో ఇంకో సంగతి వినపడింది. నాగరాజుకు మాట రామారావుది, పాట ఘంటసాలది. మల్లికి రెండూ భానుమతివే. ఒకే యుగళగీతంలో ఒక పక్క అతుకు ఉంది, ఒక పక్క లేదు. అందుకే కాబోలు, ఎడబాటు బాధ నాకు ఆమె వైపు నుంచే ఎక్కువ తగులుతుంది.

ఇక్కడ ఒక పేచీ ఉంది. అప్పటికే పాటలు ముందుగా రికార్డు చేసి, సెట్‌లో పెదవులు కదిపేవారు. భానుమతి కూడా అంతే. అంటే సాంకేతికంగా ఆమెకూ అతుకు ఉంది. కాకపోతే రెండు ముక్కలూ ఒకే కర్రలోవి.

1939లో సి. పుల్లయ్య తీసిన 'వరవిక్రయం'లో కాళిందిగా వచ్చినప్పుడు ఆమెది 13-14 ఏళ్ల ఈడు. అప్పటికి పాడగలగడం నటికి అదనపు అర్హత కాదు, ప్రవేశ పరీక్ష. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో తండ్రి వెంకటసుబ్బయ్య నేర్పిన సంగీతమే ఆమెను ఆ గడప దాటించింది. 1945లో బి.ఎన్. రెడ్డి 'స్వర్గసీమ' వచ్చేసరికి కథ మారింది. వీధిలో ఆడిపాడే సుబ్బులు, నాటకాల సుజాతాదేవిగా మారి, పెళ్లయిన పెద్దమనిషిని (నాగయ్య) బుట్టలో వేసుకునే పాత్ర. ఆ పావురం పాట గురించి అందరూ రాశారు కాబట్టి నేను ఎక్కువ రాయను. నాకు ముఖ్యమైంది ఒక్కటే: అందులో గొంతుతో చేసే వయ్యారం సంగీతం క్లాసులో నేర్పేది కాదు, నటనలోంచి వచ్చింది. అంతవరకు పాడగలిగిన నటి, అక్కడి నుంచి పాటలో నటించే మనిషి అయింది.

ఆ తర్వాత పదేళ్లలో పరిశ్రమ ఎటు పోయిందో తెలిసిందే. పాడే నటీమణులు ఒక్కొక్కరే పక్కకు జరిగారు. 1960 'శ్రీ వెంకటేశ్వర మహత్యం'లో శాంతకుమారి, ఎస్. వరలక్ష్మి ఇద్దరూ తమ పాటలు తామే పాడుకున్నారు. కానీ ఒకరు వకుళమాత, ఒకరు లక్ష్మీదేవి. నాయిక పద్మావతి మాత్రం సావిత్రి. ఆ లెక్కన భానుమతి నాయికగా అన్నేళ్లు నిలబడడం మామూలు సంగతి కాదు. ప్రతిభ ఒక్కటే కారణం అని నేను నమ్మను. 1943లో పెళ్లాడిన పి.ఎస్. రామకృష్ణారావు దర్శకుడు, సొంత సంస్థ భరణీ పిక్చర్స్. 'రత్నమాల' (1947), 'లైలా మజ్ను' (1949), 'విప్రనారాయణ' (1954), 'బాటసారి' (1961) ఇంటి సినిమాలు. 'చండీరాణి' (1953)ని మూడు భాషల్లో తనే డైరెక్ట్ చేసింది. 'చక్రపాణి' (1954)కి సంగీతం తనదే. మైకు ముందు ఎవరు నిలబడాలో తేల్చే కుర్చీలో తనే కూర్చుంది కాబట్టి ఆ గొంతు మిగిలింది. వ్యాసాలు ఆత్మాభిమానం అని పొగిడేదాని కింద ఈ ఏర్పాటు ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు.

బయటి సంస్థలో ఏమవుతుందో 'మిస్సమ్మ' (1955) చూపించింది. మేరీగా మొదట భానుమతినే తీసుకుని కొన్ని రీళ్లు తీశారు. నిర్మాత చక్రపాణితో పేచీ వచ్చింది, ఆమె తగ్గలేదు, బయటికి వచ్చేసింది. రెండో పాత్రకు అనుకున్న సావిత్రి మేరీ అయింది, ఆ రెండో పాత్ర జమునకు వెళ్లింది. ఈ కథను అందరూ సావిత్రి అదృష్టంగా, భానుమతి మొండితనంగా చెబుతారు. నేను దాన్ని పాట వైపు నుంచి చూస్తాను. మేరీ పాట నేర్పే మనిషి. సంగీతం వచ్చిన నటి కోసమే పుట్టిన పాత్ర అది. సంగీతం కూడా 'మల్లీశ్వరి', 'విప్రనారాయణ'లు చేసిన సాలూరి రాజేశ్వరరావుదే. ఆ పాత్రను సావిత్రి పి. లీల గొంతుతో చేసింది. బ్రహ్మాండంగా చేసింది. పాడే మనిషి పాత్రకు కూడా పాడే నటి అక్కర్లేదని ఆ సినిమా తేల్చేసింది. భానుమతి ఒక వేషం పోగొట్టుకుందని అంటారు గానీ, ఆ రోజు పోయింది అంతకన్నా పెద్దది.

స్క్రీన్ ఆపేసి 'మిస్సమ్మ' కూడా విన్నాను. కసురుకునే మేరీ ఒకరు, పాడే మేరీ ఒకరు. మొదట నా వాదనకు సాక్ష్యం దొరికిందని సంబరపడ్డాను. రెండోసారి వింటే అంత సంబరం మిగల్లేదు. ఆ సినిమాకు ఆ ఇద్దరూ కావాలి. మాటల్లో మేరీ ముల్లులా గుచ్చుతుంది, పాట రాగానే మెత్తబడుతుంది. పాటలో ఎవరో వచ్చి ఆమె కోపాన్ని కాస్త పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ వెసులుబాటు అతుకు ఉన్నచోటే దొరుకుతుంది. సుశీల ఒక్క గొంతుతో అంతమంది నాయికలు ప్రేమించగలిగారంటే కారణం అదే. పాటలోకి వెళ్లాక ఎవరి స్వభావమూ అడ్డురాదు.

భానుమతికి అడ్డొస్తుంది. 'విప్రనారాయణ'లో అది కథకు కలిసొచ్చింది. భక్తుణ్ణి పందెం కట్టి లొంగదీసే దేవదేవి ఆమె. నాగేశ్వరరావుకు పాడింది ఎ.ఎం. రాజా, వెన్నలాంటి గొంతు. ఆ వెన్న పక్కన ఈమె గొంతు వినగానే పందెం ఎవరిదో తెలిసిపోతుంది. 'బొబ్బిలి యుద్ధం' (1964) మల్లమ్మకూ సరిపోయింది. కానీ బేలగా, ఎవరో వచ్చి కాపాడాలన్నట్టు ఉండే నాయిక పాటల్లో ఈమెను ఊహించలేను. అవే ఎక్కువగా రాస్తున్న కాలం అది. ఆమె ఎప్పుడూ ఆమెలాగే ఉంటుంది అనే ఫిర్యాదులో నిజం ఉంది. ఒకే గొంతుతో మాట్లాడి, పాడే మనిషి పాటకోసారి వేరే ఆడది కాలేదు.

1965 'అంతస్తులు'లో నాయిక కృష్ణకుమారి అయినా జనం పాడుకున్నది భానుమతి పాట. 1974లో 'తాతమ్మ కల', 1984లో 'మంగమ్మగారి మనవడు'. వీటిలో పాట తగ్గి మాట పెరిగింది గానీ వినేవాడికి లోటు తెలియదు, ఎందుకంటే ఆ మాటే పాటలాగా నడుస్తుంది. 'అత్తగారి కథలు' చదివినా అంతే, పేజీలో ఆ గొంతే వినపడుతుంది.

మొన్న ఊరికి వెళ్లినప్పుడు బాపుకు ఈ లెక్కంతా చెప్పాను. మేరీగా భానుమతే ఉంటే ఎట్లుంటుండె అని అడిగాను. కాసేపు ఆలోచించి అన్నాడు: "గామె జేస్తే అలుక తీరకపోతుండె. సిన్మ ఒడవకపోతుండె."