లోపల నడుస్తున్నదెవరు?

శ్రీసిటీలో ఈ వారం ఒక తెలుగు పీడీఎఫ్ నాకు తెగ చిరాకు తెప్పించింది. అదే ఫైలు, అదే ఫాంటు, అదే టూలు, దాని వెర్షన్ కూడా అదే. ఒక కంప్యూటర్లో ఒత్తులు అక్షరం కింద కుదురుగా కూర్చున్నాయి, ఇంకోదాంట్లో పక్కకు జరిగాయి. "బిల్డ్ సమాచారంలో ఏముందన్నా?" అన్నాడు పక్కసీటు కుర్రాడు. టూలు పేరు, నంబరు, తేదీ ఉన్నాయి. అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ ఊసు లేదు, వాటి రూపం గీసే ఫ్రీటైప్ ఊసూ లేదు.

లోపలున్నది పైన రాయాలన్న నా పట్టు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఇక్కడ తయారయ్యే చాక్లెట్ రేపర్ మీద కూడా బ్యాచ్ నంబరుంటుంది. కర్ల్ టూలును వెర్షన్ అడిగితే తాను వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, జెడ్‌లిబ్ లైబ్రరీల నంబర్లతో సహా చెప్పేస్తుంది.

అయితే ఈ పట్టుకు ఎదురు నిలిచే ఉదాహరణా ఒకటుంది. 2018 ఫిబ్రవరి గుర్తుందా? మన ‘జ్ఞా’ ఐఫోన్లను కూలదోసిన నెల. మనం రోజూ రాసే జ్ఞా కాదది. లోపల కంటికి కనపడని విడదీసే గుర్తొకటి దూరింది. మెసేజీలో వస్తే యాప్ మూతపడేది, నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే పడిపోయేది. తప్పు ఐఫోన్లో అక్షరాలు పేర్చే లైబ్రరీ కోర్‌టెక్స్ట్‌ది. ప్రపంచమంతా మాత్రం ‘తెలుగు అక్షరం’ అనే రాసింది. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చి ఆ బగ్గు పోయింది. భయపడి ఫోన్ చేసినవాళ్లకు ఆ నంబరొక్కటి చెబితే సరిపోయింది. లోపలి కోర్‌టెక్స్ట్ ఏ వెర్షనో ఎవరికీ పట్టలేదు.

మరి బిల్డ్ సమాచారంలో లైబ్రరీల జాబితా ఎందుకు? ఫోన్‌లో అక్కర్లేదు, అన్నీ ఒకే మూటగా వస్తాయి. లినక్స్‌లో టూలు ఒక దారి, లైబ్రరీ ఒక దారి. బిల్డ్ చేసిన రోజున్న హార్ఫ్‌బజ్ వేరు, ఇవాళ లోడయ్యేది వేరు కావచ్చు. అప్పుడు బిల్డ్ నాటి జాబితా ఎంత పొడవున్నా, బగ్గు వెతికేవాణ్ణి తప్పుదారే పట్టిస్తుంది. అది లేకపోవడమే మేలు.

అందుకే జాబితా పొడవు గురించి నాకిప్పుడు పట్టింపు లేదు. టూలు నడిచే క్షణాన లైబ్రరీనే అడగాలి. హార్ఫ్‌బజ్‌లో, ఫ్రీటైప్‌లో, జెడ్‌లిబ్‌లో అందుకు ఫంక్షన్లు సిద్ధంగా ఉన్నాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తన లైబ్రరీల బిల్డ్ నాటి నంబరునూ, నడుస్తున్న నంబరునూ పక్కపక్కనే చూపిస్తుంది. తెలుగు ముద్రించే ప్రతి టూలూ ముందు హార్ఫ్‌బజ్‌కైనా ఆ పని చేయాలి.