ఆన్‌లైన్ తరగతిలో సంభాషణ మర్యాద: తెలుగు విద్యార్థి ప్రశ్న – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

విశాఖపట్నం రుషికొండలో 1980లో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన గీతం 2007లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందింది. ఇటువంటి ప్రాంగణాలలో అధ్యాపకుడు రాగానే లేచి నిలబడటం, స్వరం తగ్గించి మాట్లాడటం, చేయెత్తి అనుమతి కోరడం వంటి చేష్టలే విద్యార్థి వినయాన్ని తెలిపేవి. 2020 మార్చిలో లాక్‌డౌన్ కారణంగా దేశమంతటా తరగతులు తెరపైకి మారడంతో ఈ చేష్టలు కనుమరుగయ్యాయి. మర్యాద భారమంతా అక్షరాలపై పడింది. ఈ మార్పు తాత్కాలికం కాలేదు. ఒక సెమిస్టరులోని కోర్సులలో 40 శాతం వరకు ‘స్వయం’ వేదిక ద్వారా చదివేందుకు యూజీసీ 2021 నిబంధనలు వీలు కల్పించాయి. కాబట్టి ఆన్‌లైన్ మర్యాద తెలుగు విద్యార్థికి ఏ రూపంలో బోధపడాలన్నది విచారించదగిన అంశం.

2. అరువు నియమాల పరిమితి

ఆన్‌లైన్ మర్యాదలను సూత్రీకరించిన తొలి పత్రాలలో 1995 అక్టోబరులో వెలువడిన ‘ఆర్ఎఫ్‌సీ 1855’ ఒకటి. ఆంగ్లంలో అన్నీ పెద్ద అక్షరాలతో రాస్తే అరిచినట్లు ఉంటుందని అది హెచ్చరించింది. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేదు. తెలుగులో గౌరవం ప్రధానంగా సర్వనామంలోనూ క్రియాంతంలోనూ ఉంటుంది. ‘నోట్స్ పంపండి’ అన్న వాక్యంలో గౌరవ ప్రత్యయం ఉన్నప్పటికీ, గొంతులోని మెత్తదనం తోడుకాకపోతే అది ఆజ్ఞగా ధ్వనిస్తుంది. ‘పంపగలరా?’ అన్నప్పుడు అదే అభ్యర్థన అవుతుంది. ఈ సూక్ష్మతను అనువాద నియమావళి పట్టుకోలేదు.

లిపి విషయమూ ఇటువంటిదే. తెలుగును రోమన్ లిపిలో టైపు చేస్తే ‘వాదం’, ‘వాడం’ ఒకే రూపం పొందుతాయి. ఒకటి సిద్ధాంత చర్చ, మరొకటి ‘ఉపయోగించము’ అన్న క్రియ. సాహిత్య విద్యార్థి ఇలా రాసినప్పుడు పాఠకుడు ఊహించి చదువుకోవలసి వస్తుంది. ఎదుటివారి శ్రమను తగ్గించడం మర్యాదలో భాగమైతే, తెలుగు లిపిలో రాయడం కూడా మర్యాదే.

3. మౌనం వినయమేనా?

‘స్వయం’ కోర్సుల నిర్మాణంలో వీడియో పాఠం, పఠన సామగ్రి, స్వీయ మూల్యాంకనం, చర్చ అనే నాలుగు భాగాలున్నాయి. ఎన్‌పీటీఈఎల్ కోర్సులలో సాధారణంగా అసైన్‌మెంట్లకు 25 శాతం, తుది పరీక్షకు 75 శాతం మార్కులు కేటాయిస్తారు. ఈ లెక్కలో చర్చకు చోటు లేదు. మార్కులు లేని చోట ప్రశ్న విద్యార్థి చొరవ మీదనే ఆధారపడుతుంది. గురువును ప్రశ్నించడం ధిక్కారమవుతుందన్న జంకు అక్కడ అడ్డు నిలుస్తుంది. నిషేధాల పట్టికగా ఉన్న మర్యాద ఈ జంకును మరింత పెంచుతుంది.

తెలుగు సంప్రదాయం మౌనాన్నే వినయంగా భావించలేదు. అవధానంలో పృచ్ఛకుడు అవధానికి నమస్కరించి, ఆ వెంటనే కఠినమైన సమస్య ఇస్తాడు. ఆ కాఠిన్యమే అవధాని పట్ల చూపే గౌరవం. అప్రస్తుత ప్రసంగానికి కూడా అక్కడ ఒక స్థానం ఉంది; అయితే ఆ పాత్ర ఒక్కరిదే. ఆన్‌లైన్ చర్చలో అందరూ ఆ పాత్రనే ధరిస్తే అసలు ప్రశ్న మరుగున పడుతుంది.

4. ప్రశ్న నిర్మాణమే మర్యాద

‘సార్, అర్థం కాలేదు’ అన్న సందేశంలో సంబోధన ఉంది, ప్రశ్న లేదు. ‘మూడవ పాఠంలో ధ్వనికి, వక్రోక్తికి చెప్పిన భేదం ఈ ఉదాహరణకు ఎలా వర్తిస్తుంది?’ అన్నప్పుడు పాఠం విన్నట్లు, ఆలోచించినట్లు, ఎక్కడ ఆగిపోయాడో గుర్తించినట్లు తెలుస్తుంది. తోటి విద్యార్థితో విభేదించే సందర్భంలో పూర్వపక్షాన్ని న్యాయంగా చెప్పిన తరువాతనే ఖండనకు పూనుకోవాలన్న శాస్త్రచర్చా పద్ధతి ఇక్కడ మార్గదర్శకం.

రాత్రివేళ సందేశం పంపరాదన్న నియమాన్ని కూడా పునఃపరిశీలించాలి. పగలు ఉద్యోగం చేసే విద్యార్థికి రాత్రే చదువుకునే సమయం. అప్పుడు ప్రశ్న పంపడంలో దోషం లేదు. తక్షణ సమాధానాన్ని ఆశించడంలో ఉంది.

5. ముగింపు

ఆన్‌లైన్ మర్యాద బోధన ‘చేయరాని పనుల’ జాబితాతో ముగియరాదు. క్రియాంతంలోని గౌరవం, లిపిలోని స్పష్టత, ప్రశ్నలోని నిర్దిష్టత దానికి పునాదులు కావాలి. చర్చలో మంచి ప్రశ్నకు కొంత విలువ కట్టే బాధ్యత మూల్యాంకన పద్ధతిది. ఎవరినీ నొప్పించకుండా, ఎవరూ ఏమీ అడగకుండా ముగిసిన తరగతి మర్యాదగా సాగినట్లు కనిపించవచ్చు. విద్య సాగినట్లు మాత్రం కాదు.