కాలం రేఖయా, చక్రమా? – కుల్మన్ సిద్ధాంతంపై ఒక పరిశీలన

బైబిలు దృష్టిలో కాలం సరళరేఖ అనీ, గ్రీకుల దృష్టిలో అది చక్రమనీ ఆస్కార్ కుల్మన్ 1946లో జర్మను భాషలో వెలువడిన 'క్రీస్తు, కాలము' అనే గ్రంథంలో వాదించారు. క్రీస్తు సంఘటనే ఆ రేఖకు మధ్యబిందువు. యుద్ధంలో నిర్ణాయకమైన పోరు ముగిసినా విజయదినం ఇంకా రావలసి ఉన్నట్లే, సంఘం నెరవేరినదానికీ నెరవేరవలసినదానికీ మధ్య జీవిస్తున్నదని ఆయన వివరణ. ఈ భాగం నేటికీ బోధకులకు విలువైనదే.

అయితే రేఖ, చక్రం అనే విభజన నిలబడదు. పదాల అర్థాల మీద కాలసిద్ధాంతం కట్టే పద్ధతినే జేమ్స్ బార్ 1962లో, బైబిలులోని కాలవాచక పదాలపై రాసిన గ్రంథంలో ప్రశ్నించారు. క్రోనోస్ అంటే గడియారపు కాలం, కైరోస్ అంటే దేవుని సమయం అని మనం ప్రసంగాల్లో చెబుతుంటాం. కానీ అపొస్తలుల కార్యములు 1:7లోను, 1 థెస్సలొనీకయులకు 5:1లోను ఈ రెండు మాటలూ పక్కపక్కనే, ఇంచుమించు ఒకే అర్థంతో కనిపిస్తాయి.

జనజీవనంలోనూ ఈ విభజన కనిపించదు. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై సంవత్సరాల వలయంలో ఉగాది జరుపుకొనే తెలుగువారే, 1977 నాటి దివిసీమ ఉప్పెనను తిరిగిరాని మలుపుగా గుర్తుంచుకుంటారు. ఇశ్రాయేలీయులు ఏటేటా తిరిగివచ్చే పస్కాలో, ఒక్కసారే జరిగిన విడుదలను జ్ఞాపకం చేసుకున్నారు.

అసలు అడగవలసిన ప్రశ్న వేరు: కాలం ఎవరి చేతిలో ఉంది? నిర్గమకాండము 5లో ఫరో గడ్డి ఇవ్వడు, ఇటుకల లెక్క తగ్గించడు. బానిసల దినాన్నే దోచుకుంటాడు. నిర్గమకాండము 20 విశ్రాంతిదినానికి సృష్టిని ఆధారం చేస్తే, ద్వితీయోపదేశకాండము 5 ఐగుప్తు దాస్యాన్ని గుర్తుచేసి, దాసునికీ దాసికీ విశ్రాంతి ఉండాలంటుంది. ఆమోసు 8:5లోని వర్తకులకు ఆ దినమే అడ్డంకి. ఫ్రాన్సు విప్లవ ప్రభుత్వం 1793లో ఏడు దినాల వారానికి బదులు పది దినాల లెక్క పెట్టింది. శ్రామికునికి సెలవు దూరమైంది. 1806 ఆరంభంలో ఆ పంచాంగం రద్దయింది.

ఆదివారమైనా పనికి వెళ్ళక తప్పని దినకూలీలు, రాత్రి షిఫ్టు ముగించి వచ్చి ఆరాధనలో కునికే యువకులు మన సంఘాల్లో ఉన్నారు. వారికి కైరోస్ గురించి వివరించే ముందు, ఆరాధన వేళను ఎవరి వీలును బట్టి నిర్ణయించామో, సంఘపెద్దల ఇళ్ళలో పనిచేసేవారికి ఆదివారం సెలవుందో లేదో అడగాలి. మన కాలసిద్ధాంతానికి పరీక్ష అక్కడే.