వంతపాడిన గొంతు ఎవరిది?

మా పాణ్యం వైపు బుర్రకథ అంటే ముగ్గురు మనుషులు. నడుమ కథకుడు, భుజాన తంబుర, చేతికి అందెలు. అటొకరు యిటొకరు గుమ్మెట వాయించే వంతలు. ఒకరిది హాస్యం, యింకొకరిది రాజకీయం. తెర అక్కర్లేదు, మూడు గొంతులు చాలు. యీ చిన్న బృందం చరిత్రను మాత్రం మన పుస్తకాలు ఒకే తీరున చెబుతాయి: బిచ్చమెత్తే జంగంకథ వుండేది, 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి దాన్ని కళను చేసింది, షేక్ నాజర్ దానికి పితామహుడైనాడు.

నాజర్ గొప్పతనం మీద పేచీ లేదు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల యింట పుట్టినవాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. అయినా తన జీవితకథకు 'పింజారి' అనే పేరే పెట్టుకున్నాడు. లోకం తిట్టుగా వాడే కులం పేరును అట్ట మీదికెక్కించడానికి గుండె కావాలి. పేచీ ఆ 'పితామహుడు' అన్న మాటతోనే. ఆ మాట అన్నవాళ్లు ఆయనకు ముందున్న తాతముత్తాతలను మింగేశారు. గుమ్మెటకు బుడిగె అని యింకో పేరు. బుడగజంగాల కులం పేరు దాన్నుంచే వచ్చిందంటారు. వాయిద్యమే కులం పేరైన జనం వాళ్లు. వాళ్లు యింటిముందు పాడి గింజలు తీసుకుంటే బిచ్చమంట, సభలో పాడినవాళ్లు నోట్లు తీసుకుంటే పారితోషికమంట!

ఆడవాళ్ల సంగతి యింకా అన్యాయం. జంగంకథలో మొగుడు కథ చెబుతుంటే పెండ్లాలు గుమ్మెట వాయిస్తూ వంతపాడటం పాత వాడుక. అది కుటుంబం పొట్టపోసుకునే బృందం. 1940లలో మోటూరి ఉదయం నాయకత్వాన ఆడవాళ్లు బుర్రకథ చెప్పారు. సంప్రదాయ కుటుంబాల ఆడవాళ్లు వేదికెక్కడం ఆ రోజుల్లో తెగువే, కాదనను. కానీ దాన్ని 'తొలి మహిళా దళం' అని రాసేటప్పుడు, తరాలుగా వీధిలో పాడిన జంగం ఆడమనిషి ఆడది కాదా? ఆమె గొంతు లెక్కకు రాలేదు.

ఉద్యమం బుర్రకథను తీసుకోవడం తప్పని నేననను. కూలోళ్లకు, రైతులకు అర్థమయ్యే మాట కావాల్సి వచ్చింది, తీసుకుంది. కళను తీసుకుంది గానీ కళాకారుల కులాన్ని వెంట తీసుకపోలేదు.

ఆ కులాన్ని చట్టం కూడా నిలకడగా చూడలేదు. షెడ్యూల్డు కులాల జాబితాలో బుడగజంగాలకు మొదట తెలంగాణ జిల్లాల్లోనే చోటు. 1976 చట్టం ఆ హద్దు తీసేసింది. 2002 సవరణ చట్టం మళ్లీ గీసింది. అట్లా తుంగభద్రకు అవతల, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో గుమ్మెట వాయించే తమ్ముడు షెడ్యూల్డు కులం. యివతల పాణ్యం దిక్కున అదే గుమ్మెట వాయించే అన్న కాదు.